గ్యాస్ లీకైన గదిలోకి మనిషి కంటే ముందు ఏ రోబోను పంపాలి?

కొన్నేళ్ల కిందట తోతాపురి సీజన్ మంచి ఊపులో ఉన్న రోజులవి. చిత్తూరు పక్కన ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో నేను రిఫ్రిజిరేషన్ పని చూసేవాణ్ణి. రాత్రి పదకొండు దాటాక కంప్రెసర్ రూమ్ వైపు నుంచి, చల్లబరచడానికి వాడే అమోనియా గ్యాస్ వాసన వచ్చింది. గేటు బయట కాయల ట్రాక్టర్లు వరసగా నిలబడి ఉన్నాయి, లోపల పని ఆగకూడదు. మా ఆపరేటర్ తుండుగుడ్డను నీళ్లలో ముంచి ముక్కుకు కట్టుకున్నాడు. "వాసన జాస్తిగా వస్తా ఉందన్నా, నేను పోయి చూసొస్తా" అన్నాడు. "ఆగరా, పోవద్దు" అనేలోపే లోపలికి వెళ్లిపోయాడు. వాల్వ్ గ్లాండ్ దగ్గర లీకు. బిగించి బయటికి వచ్చేసరికి కళ్లు తెరవలేకపోయాడు. చాలాసేపు నీళ్లు కొట్టి కడిగాం. మూడు రోజులు పనికి రాలేదు. గండం గడిచిందని అందరూ అనుకున్నారు. నాకు మాత్రం ఒక్కటే గుచ్చుకుంటూ ఉండిపోయింది. ఆ గదిలో అమోనియా ఎంత ఉందో మాలో ఒక్కరికీ తెలియదు. తెలియకుండానే వాణ్ణి లోపలికి పోనిచ్చాం.

మన జిల్లాకు ఇది కొత్త కాదు. 2020 ఆగస్టులో పూతలపట్టు మండలంలోని ఒక డెయిరీలో అమోనియా లీకై 14 మంది మహిళా కార్మికులు ఆస్పత్రి పాలయ్యారు. అంతకు ముందు 2018లో పలమనేరు దగ్గర మొరం గ్రామంలో, ఒక కోళ్ల హేచరీ సెప్టిక్ ట్యాంకు శుభ్రం చేసేటప్పుడు విషవాయువుకు ఏడుగురు చనిపోయారు. పడిపోయినవాళ్లను పైకి లాగబోయి మరికొందరు దిగారు. ఇలాంటి చోట్ల చావులు ఎప్పుడూ ఇలాగే ఒకరి వెంట ఒకరుగా జరుగుతాయి.

అప్పటి నుంచి రిమోట్‌తో నడిచే గ్యాస్ డిటెక్షన్ రోబోల గురించి చదివాను, చెన్నై రిచీ స్ట్రీట్, బెంగళూరు ఎస్పీ రోడ్డు ఎలక్ట్రానిక్స్ బజార్లలో తిరిగాను, తిరుపతి ఇంజనీరింగ్ పిల్లలు కట్టిన ప్రాజెక్టులు దగ్గర కూర్చుని చూశాను, చివరికి ఒకటి కట్టించాను. ఎవరు అడిగినా మొదట వేసే ప్రశ్న "ఏ రోబో మంచిది?" అనే. నేను తిరిగి అడిగేది "మీ దగ్గర ఉండే గ్యాస్ ఏది?" అని. దానికి జవాబు లేకుండా ఎంత ఖరీదైన బండి కొన్నా అది మీకు పనికి వస్తుందన్న నమ్మకం లేదు.

మీ గ్యాస్ ఏది, అది ఎక్కడ నిలుస్తుంది

మన వైపు కోల్డ్ స్టోరేజ్‌లు, ఐస్ ఫ్యాక్టరీలు, పాల చిల్లింగ్ సెంటర్లలో ఎక్కువగా ఉండేది అమోనియా. దాని వాసన 5 పీపీఎం (పది లక్షల పాళ్ల గాలిలో ఐదు పాళ్లు) దగ్గరే చాలామందికి తెలిసిపోతుంది. ఎనిమిది గంటల షిఫ్టులో 25 పీపీఎం దాటకూడదని లెక్క. 300 పీపీఎం అంటే ప్రాణానికే ముప్పు, వెంటనే బయటికి రావాల్సిన స్థాయి. గాలిలో 15 నుంచి 28 శాతం వరకు ఉన్నప్పుడు మండుతుంది. 15 శాతం అంటే 1,50,000 పీపీఎం. అంటే అమోనియా అంటుకోవడానికి చాలా ముందే మనిషిని పడేస్తుంది. ఈ తేడా గుర్తుంచుకోండి, రోబోను ఎంచుకునేటప్పుడు దీనితో పని ఉంది.

అమోనియా గాలి కంటే తేలిక, అందుకే గది పైభాగంలో నిలుస్తుంది. మనం చూసే చిన్న రోబోల్లో సెన్సార్ నేల నుంచి జానెడు ఎత్తులో ఉంటుంది. పైన 200 పీపీఎం ఉన్నా కింద సెన్సార్ 30 చూపించి "పర్లేదు" అనిపిస్తుంది. అందుకే అమోనియా కోసం కొనే బండికి కనీసం ఒకటిన్నర మీటరు నిలువు కడ్డీ, దాని కొసన సెన్సార్ ఉండాలి. అలాగని కింద సెన్సార్ వద్దని కాదు. ద్రవ అమోనియా ఒక్కసారిగా బయటికి చిమ్మితే చల్లటి తెల్లని పొగలా నేల మీదే పాకుతుంది. పైన ఒకటి, కింద ఒకటి పెట్టించుకోండి.

వంట గ్యాస్ దీనికి పూర్తిగా తిరగబడిన సంగతి. గాలి కంటే ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు. నేల మీద పరుచుకుంటుంది, కాలువల్లోకి, గుంతల్లోకి దిగుతుంది. దీనికి తక్కువ ఎత్తు రోబోనే సరైనది. కానీ గాలిలో సుమారు 1.8 శాతం చేరితే చాలు, అంటుకుంటుంది. ఇందులో అసలు ప్రమాదం మంటే.

సెప్టిక్ ట్యాంకులు, మాన్‌హోళ్లు, మురుగు సంపుల్లో ఉండేది హైడ్రోజన్ సల్ఫైడ్. కుళ్లిన గుడ్ల వాసన. అది మోసం చేసే గ్యాస్. 100 పీపీఎం దాటితే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. "ఇందాక వాసన వచ్చింది, ఇప్పుడు పోయింది, దిగొచ్చు" అనుకునేది సరిగ్గా అప్పుడే. దానితోపాటు మీథేన్ ఉంటుంది, ఆక్సిజన్ పడిపోయి ఉంటుంది. మామూలు గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం. 19.5 కంటే తగ్గితే లోపలికి వెళ్లకూడదు. కాబట్టి గోతుల దగ్గర వాడే పరికరానికి ఒక్క సెన్సార్ సరిపోదు. ఆక్సిజన్, హైడ్రోజన్ సల్ఫైడ్, కార్బన్ మోనాక్సైడ్, మండే గ్యాస్, ఈ నాలుగూ కొలవాలి.

నీటి శుద్ధి కేంద్రాల్లో క్లోరిన్ సిలిండర్లు ఉంటాయి. అది గాలి కంటే రెండున్నర రెట్లు బరువు, 10 పీపీఎం దగ్గరే ప్రాణానికి ముప్పు. క్లోరిన్ ఉన్నచోట దానికి విడిగా సెన్సార్ ఉండాలి, పైన చెప్పిన నాలుగింటిలో ఏదీ దాన్ని పట్టుకోదు.

రెండు వందల సెన్సార్, వేలల్లో సెన్సార్

తిరుపతిలో ఏ కాలేజీ ప్రాజెక్టు ఎగ్జిబిషన్‌కు వెళ్లినా గ్యాస్ రోబో ఒకటి కనిపిస్తుంది. పసుపు రంగు ప్లాస్టిక్ గేర్ మోటార్లు నాలుగు, బండిని నడిపే చిన్న కంప్యూటర్‌గా ఆర్డుయినో లేదా ఈఎస్‌పీ32 బోర్డు, బ్లూటూత్ మాడ్యూల్, ముందు ఎంక్యూ అనే చవక రకం గ్యాస్ సెన్సార్ ఒకటి. ఎంక్యూ-2 వంట గ్యాస్‌కు, ఎంక్యూ-7 కార్బన్ మోనాక్సైడ్‌కు, ఎంక్యూ-135 అమోనియాకు అని చెబుతారు. సెన్సార్ రెండు మూడు వందలకు దొరుకుతుంది. నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి మార్గం లేదు. పిల్లలు కట్టాలి, కట్టనివ్వాలి కూడా.

అయితే ఒక బృందం తమ రోబోను మా ఫ్యాక్టరీలో చూపిస్తామని తెచ్చింది. కంప్రెసర్ రూమ్ దాకా పోలేదు. కాయలు ఏరి పారేసే చోట, కుళ్లిన మామిడి కుప్ప పక్కన నుంచి వెళ్తుండగానే బీప్ బీప్ అని మోగడం మొదలుపెట్టింది. అక్కడ అమోనియా చుక్క లేదు. పులిసిన కాయల నుంచి వచ్చే ఆల్కహాల్ ఆవిరికి ఎంక్యూ-135 స్పందించింది. అది అమోనియాకూ మోగుతుంది, ఆల్కహాల్‌కూ మోగుతుంది, పొగకూ మోగుతుంది. ఏదో ఉందని చెబుతుందే గాని ఏముందో, ఎంత ఉందో చెప్పలేదు. మన దగ్గర మే నెల ఎండకు, వాన పడ్డాక తేమకు దాని రీడింగ్ మారిపోతుంది. మొదటిసారి వాడేముందు ఒకటి రెండు రోజులు కరెంటిచ్చి వేడెక్కించాలని కంపెనీ డేటాషీట్‌లోనే ఉంటుంది. స్విచ్ వేసిన రెండు నిమిషాలకే రీడింగ్ రాసుకునేవాళ్లే ఎక్కువ.

పిల్లలకు ఇంకో మాట. ఒక్కో ఎంక్యూ సెన్సార్‌లోని హీటర్ 5 వోల్టుల దగ్గర దాదాపు 150 మిల్లీ ఆంపియర్లు తింటుంది. నాలుగు పెట్టి అన్నిటికీ ఆర్డుయినో బోర్డు నుంచే కరెంటిస్తే రెగ్యులేటర్ కాలిపోయేంత వేడెక్కుతుంది. మోటార్ కదిలినప్పుడల్లా బోర్డు రీసెట్ అవుతుంది. మోటార్లకు ఒక బ్యాటరీ, సెన్సార్లకు విడిగా ఒక సప్లై పెట్టండి. బాక్సు అంచులకు సిలికాన్ సీలెంట్ పూయకండి. ఆ ఆవిరికి ఎంక్యూ సెన్సార్లు, పరిశ్రమల్లో వాడే క్యాటలిటిక్ సెన్సార్లు (గ్యాస్‌ను లోపల కొద్దిగా మండించి కొలిచేవి) మొద్దుబారిపోతాయి. బయటికి బాగానే కనిపిస్తాయి, గ్యాస్ వచ్చినా సున్నా చూపిస్తాయి.

మనుషుల ప్రాణాలు ఆధారపడే చోట విషవాయువులకు ఎలక్ట్రోకెమికల్ సెన్సార్ (గ్యాస్‌తో రసాయన చర్య జరిగి పుట్టే కరెంటును కొలిచేది) ఉండాలి. అమోనియా, హైడ్రోజన్ సల్ఫైడ్, క్లోరిన్, కార్బన్ మోనాక్సైడ్ అన్నిటికీ దొరుకుతాయి. ఒక్కోటి వేలల్లో ఉంటుంది. సాధారణంగా రెండేళ్లకోసారి మార్చాలి. ఎప్పుడూ కొద్దికొద్దిగా అమోనియా ఉండే గదిలోనే వదిలేస్తే ఇంకా ముందే అరిగిపోతుంది, కాబట్టి రోబోను కంప్రెసర్ రూమ్‌లో పార్క్ చేయకండి. మండే గ్యాస్‌లకు రెండు దారులున్నాయి. క్యాటలిటిక్ సెన్సార్ చవక, కానీ అది పని చేయాలంటే గాలిలో ఆక్సిజన్ ఉండాలి. ఆక్సిజన్ పడిపోయిన సెప్టిక్ ట్యాంకులో నిండా మీథేన్ ఉన్నా తక్కువే చూపవచ్చు. ఇన్‌ఫ్రారెడ్ సెన్సార్‌కు ఆక్సిజన్‌తో పని లేదు, సిలికాన్ భయం లేదు. ధర ఎక్కువ, హైడ్రోజన్‌ను మాత్రం చూడలేదు. గోతులకు, బయోగ్యాస్ ప్లాంట్లకు ఇన్‌ఫ్రారెడ్‌కే నా ఓటు.

కొనేవాళ్లు అసలు అడగని ప్రశ్న ఒకటుంది. సెన్సార్ రీడింగ్ స్థిరపడటానికి ఎంతసేపు పడుతుంది? అమోనియా ఎలక్ట్రోకెమికల్ సెన్సార్లకు ఒక నిమిషం దాకా పడుతుంది. రోబో సెకనుకు అర మీటరు చొప్పున నడుస్తోందనుకోండి. ఆ నిమిషంలో అది 30 మీటర్లు దాటిపోతుంది. తెరమీద మీరు చూస్తున్న అంకె అప్పటికి ఎక్కడో వెనక ఉన్న చోటుది. అందుకే వేగంగా పరిగెత్తే రోబో ఈ పనికి గొప్ప కాదు. నాలుగు అడుగులు వేసి, ఆగి, ఒకటిన్నర నిమిషం నిలబడి, మళ్లీ కదిలేదే మంచి రోబో. మెల్లగా నడిపే గేరింగ్ ఉందా అని అడగండి.

బండే నిప్పురవ్వ అయితే

ఈ విషయం చెప్పేటప్పుడు నాకు నిజంగానే టెన్షన్ వస్తుంది. మామూలు డీసీ మోటార్‌లో బ్రష్‌లు తిరిగేటప్పుడు చిన్న రవ్వలు పడుతూనే ఉంటాయి. రిలే కలిసినప్పుడు, విడిపోయినప్పుడు రవ్వ పడుతుంది. వంట గ్యాస్‌ను అంటించడానికి కావాల్సిన శక్తి మిల్లీజౌల్‌లో పావు వంతు. పొడి రోజుల్లో తలుపు హ్యాండిల్ పట్టుకుంటే వేలికి కొట్టే చిన్న షాక్‌లోనే అంతకంటే ఎక్కువ ఉంటుంది. వంట గ్యాస్ లీకైన గోడౌన్‌లోకి ప్రాజెక్టు రోబోను పంపడం అగ్గిపెట్టెను పంపినట్టే.

మండే గ్యాస్ చేరే చోట్లను జోన్ 0, జోన్ 1, జోన్ 2 అని విభజిస్తారు. ఎప్పుడూ గ్యాస్ ఉండేది 0, మామూలు పనిలో అప్పుడప్పుడు వచ్చేది 1, ఏదైనా చెడిపోతే తప్ప రానిది 2. అక్కడ వాడే విద్యుత్ పరికరాలకు ఐఎస్/ఐఈసీ 60079 ప్రమాణాల ప్రకారం సర్టిఫికెట్ ఉండాలి. మన దేశంలో పెట్రోలియం, గ్యాస్ చోట్లకు నాగపూర్ కేంద్రంగా ఉన్న పెసో (పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రత చూసే కేంద్ర సంస్థ) ఆమోదం చూస్తారు. "సీల్ చేశాం సార్, ఏమీ కాదు" అనే మాటకు ఇక్కడ విలువ లేదు. నీళ్లు పోని బాక్సు వేరు, పేలుడును బయటికి రానివ్వని బాక్సు వేరు.

ప్రపంచంలో జోన్ 1కు సర్టిఫై అయిన రోబోలు తక్కువే. ఆస్ట్రియాకు చెందిన టౌరోబ్ ట్రాకుల బండి, నెదర్లాండ్స్‌కు చెందిన ఎక్స్‌రోబోటిక్స్ బండి, స్విట్జర్లాండ్‌కు చెందిన ఎనీబోటిక్స్ నాలుగు కాళ్ల ఎనీమల్ ఎక్స్ లాంటివి. ఇవి చమురు కంపెనీల కోసం చేసినవి, ధరలూ ఆ స్థాయిలోనే ఉంటాయి. మన గుజ్జు ఫ్యాక్టరీ, డెయిరీ యజమానులకు అందేవి కావు. ఇంత ఖరీదు ఎందుకు అంటే ఆ సర్టిఫికెట్ కోసమే, కెమెరా కోసం కాదు.

ఆ తేడా గుర్తుంచుకోమని ముందు చెప్పింది ఇందుకే, అమోనియా దగ్గర కొంత వెసులుబాటు ఉంది. అమోనియాను అంటించడానికి రవ్వ బాగా బలంగా ఉండాలి, పైగా 15 శాతం చేరాలి. సర్టిఫికెట్ లేని రోబోతో తలుపు దగ్గర, నడవలో, చిన్న లీకు ఉన్న గదిలో కొలవవచ్చని నా అభిప్రాయం. దానికి రెండు షరతులు. రోబో మీద మండే గ్యాస్ సెన్సార్ కూడా ఉండాలి, మండే కనీస స్థాయిలో 10 శాతం, అంటే పదో వంతు, చూపగానే వెనక్కి తెచ్చేయాలి. ద్రవ అమోనియా చిమ్ముతోందని, తెల్లటి పొగ కనిపిస్తోందని తెలిస్తే రోబోను అసలు పంపకూడదు. అక్కడ మనుషుల్ని దూరం తీసుకుపోయి, బయటి ఐసోలేషన్ వాల్వ్ మూసి, ఫైర్ సర్వీస్‌ను పిలవడమే పని. వంట గ్యాస్, బయోగ్యాస్, పెట్రోలు దగ్గర ఈ వెసులుబాటు ఇవ్వను.

రిమోట్ ఎంత దూరం పని చేస్తుంది

బ్లూటూత్ మాడ్యూల్ పది మీటర్లు. అది బొమ్మల దూరం. గ్యాస్ లీకైతే మీరు నిలబడాల్సింది గాలి వచ్చే వైపు, ఇంకా దూరంగా. వైఫై ఖాళీ మైదానంలో బాగా పోతుంది. కానీ కోల్డ్ స్టోరేజ్ గోడలు రెండు వైపులా రేకు వేసిన పఫ్ ప్యానెళ్లు. తలుపు మూసుకుంటే సిగ్నల్ పడిపోతుంది. మా బండి మొదటి ట్రయల్‌లో చాంబర్ లోపలికి వెళ్లి, ప్లాస్టిక్ కర్టెన్ దాటి, రెండో మలుపులో వీడియో ఆగిపోయింది. ఎవరో ఒకరు లోపలికి వెళ్లి తేవాల్సి వచ్చింది. ఆ రోజు గ్యాస్ లేదు కాబట్టి సరిపోయింది.

లోరా మాడ్యూల్ (తక్కువ కరెంటుతో ఎక్కువ దూరం పోయే రేడియో) పెడితే 865 నుంచి 867 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌లో లైసెన్సు లేకుండా వాడుకోవచ్చు. గోడల్లోంచి వైఫై కంటే చాలా మెరుగ్గా దూరుతుంది. అయితే దాని మీద వీడియో పోదు, అంకెలు మాత్రమే పోతాయి. నేను చివరికి ఒప్పుకున్న పద్ధతి ఇది: గ్యాస్ రీడింగులు లోరాలో, వీడియో వైఫైలో. వీడియో పోయినా అంకెలు రావాలి. సిగ్నల్ తెగిన రెండు సెకన్లలో మోటార్లు ఆగిపోవాలి. అమ్మేవాళ్ల ముందే రిమోట్ స్విచ్ ఆఫ్ చేసి చూడండి. బండి ఆగకుండా ముందుకు పోతే అక్కడితో బేరం ఆపేయండి.

కేబుల్ కట్టి పంపడం పాతకాలపు పద్ధతి అనుకోకండి. సిగ్నల్ సమస్య ఉండదు, బండి ఆగిపోతే కేబుల్ పట్టుకుని లాక్కోవచ్చు. దాని బాధ మలుపుల దగ్గర వస్తుంది. 2011 అక్టోబరులో ఫుకుషిమా రెండో రియాక్టర్ భవనంలోకి పంపిన జపాన్ రోబో క్విన్స్ కేబుల్ తెగిపోయి లోపలే ఉండిపోయింది. మీ దారి నేరుగా ఉండి యాభై మీటర్ల లోపైతే కేబుల్, మలుపులుంటే లోరా.

తడి సంగతి కూడా ఇక్కడే చెబుతాను. 2010 నవంబరులో న్యూజిలాండ్ పైక్ రివర్ బొగ్గు గనిలో పేలుడు జరిగి 29 మంది చిక్కుకున్నప్పుడు సైన్యం పంపిన మొదటి రోబో నీళ్లు దిగి దారిలోనే ఆగిపోయింది. అమోనియా లీకైతే మనం చేసే మొదటి పని నీళ్లు కొట్టడం. బండి తడవక తప్పదు. దుమ్ము, నీళ్లు ఎంతవరకు ఆపుతుందో చెప్పే ఐపీ రేటింగ్ 65 కంటే తక్కువ ఉన్నది తీసుకోకండి. అమోనియా రాగిని, ఇత్తడిని తినేస్తుంది. తెరిచి ఉన్న రాగి టెర్మినళ్లు కొన్నాళ్లకే పచ్చబడతాయి. కనెక్టర్లకు, బోర్డుకు పూత ఉందో లేదో చూడండి. మైనస్ 18 డిగ్రీల చాంబర్ నుంచి బయటి 40 డిగ్రీల వేడికి వచ్చేసరికి కెమెరా అద్దం మీద నీరు పట్టి పది నిమిషాలు ఏమీ కనిపించదు. చలిలో బ్యాటరీ కూడా త్వరగా దిగిపోతుంది. గంట నడుస్తుందంటే సగమే లెక్క వేసుకోండి.

చక్రాలా, ట్రాకులా అన్నది అందరూ గంటలు చర్చిస్తారు గాని, మన అవసరాలకు అది చిన్న విషయం. సిమెంటు నేలకు నాలుగు పెద్ద రబ్బరు చక్రాలు చాలు, బాగు చేయడం తేలిక. మెట్లు, పైపుల మీదుగా వెళ్లాల్సి వస్తేనే ట్రాకులు. డ్రోన్ గురించీ అడుగుతుంటారు. గది లోపల వద్దు. రెక్కల గాలికి గ్యాస్ చెదిరిపోతుంది, రీడింగ్ అబద్ధమవుతుంది. బయట పొగ ఎటు పోతోందో దూరం నుంచి చూడటానికి పనికొస్తుంది.

ఎవరికి ఏది

ఇంజనీరింగ్ విద్యార్థులకు ఎంక్యూ సెన్సార్ల కిట్ చాలు. నాలుగైదు వేలలో అయిపోతుంది. రిపోర్టులో "పరిశ్రమల్లో వాడవచ్చు" అని మాత్రం రాయకండి. ఒక్క ఎలక్ట్రోకెమికల్ సెన్సార్ పక్కన పెట్టి రెండింటి రీడింగులూ పోల్చి రాస్తే ఆ ప్రాజెక్టు విలువే మారుతుంది.

గుజ్జు ఫ్యాక్టరీ, డెయిరీ, కోల్డ్ స్టోరేజ్, ఐస్ ఫ్యాక్టరీ వాళ్లకు నేను గట్టిగా చెప్పేది ఇక్కడ కట్టించుకునే మధ్యరకం బండి. మేం చేసింది చెబుతాను. తెలిసిన వెల్డింగ్ షాపులో స్టీల్ చాసిస్ కట్టించాం. గేర్ మోటార్లు, చక్రాలు బెంగళూరు నుంచి తెచ్చాం. గ్యాస్ కొలిచే భాగాన్ని మాత్రం సొంతంగా చేయలేదు. సర్టిఫికెట్ ఉన్న చేతి డిటెక్టర్లు, భద్రతా సిబ్బంది నడుముకు తగిలించుకునే రకం, రెండు కొన్నాం. ఒకటి ఒకటిన్నర మీటరు పీవీసీ పైపు కొసన, ఒకటి కింద బిగించాం. ఒక్కో డిటెక్టర్ డిస్‌ప్లే ఎదురుగా చిన్న కెమెరా పెట్టాం. అంకెలు లోరాలో ఎలాగూ వస్తాయి, కానీ కెమెరాలో డిటెక్టర్ తెరను నేరుగా చూస్తాం. మన వైరింగ్‌లో, మన ప్రోగ్రామ్‌లో తప్పున్నా ఆ తెర మీద అంకె తప్పు కాదు. పైగా ఆ డిటెక్టర్‌ను విప్పి మామూలు రోజుల్లో మనుషులు వాడుకోవచ్చు, కాలిబ్రేషన్‌కు (కొలత సరిచూడటానికి) పంపవచ్చు. మొత్తం ఖర్చులో సగానికి పైగా ఆ డిటెక్టర్లకే పోయింది, పోవాల్సింది కూడా అక్కడే.

రోబోకు డబ్బు సరిపోకపోతే ముందు గోడకు బిగించే అమోనియా డిటెక్టర్లు పెట్టించండి, అలారం గేటు దగ్గర మోగేలా చేయించండి. రాత్రి రెండు గంటలకు లీకైతే రోబోను ఎవరో బయటికి తీయాలి. గోడ మీద డిటెక్టర్ ఎవరి కోసం ఆగదు. రోబో పని అలారం మోగిన తర్వాత మొదలవుతుంది, దాని బదులు కాదు.

మున్సిపాలిటీ, పంచాయతీ, అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వాళ్లకు నా సలహా వేరు. గోతులకు చక్రాల రోబో పనికిరాదు. దిగలేదు, దిగినా బురదలో కూరుకుపోతుంది. పంపుతో గాలి లాగే నాలుగు గ్యాస్‌ల డిటెక్టర్, దానికి పొడవైన గొట్టం, అంతే. గొట్టాన్ని తాడు కట్టి పైన, మధ్యలో, అడుగున ఒక్కోచోట కొన్ని నిమిషాలు ఉంచి కొలవాలి. గొట్టం పొడుగు ఉన్నకొద్దీ గాలి పైకి రావడానికి సమయం పడుతుంది, తొందరపడకూడదు. కొలత బాగుందని కూడా మనిషిని దించకూడదు. ప్రమాదకరమైన శుభ్రపరిచే పనికి మనుషుల్ని దించడాన్ని 2013 నాటి మాన్యువల్ స్కావెంజింగ్ చట్టం నిషేధించింది. మురుగు పనిలో చనిపోతే కుటుంబానికి 30 లక్షలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో చెప్పింది. నగరపాలక సంస్థ స్థాయిలో కొనగలిగితే, తిరువనంతపురంలోని జెన్‌రోబోటిక్స్ 2018లో తెచ్చిన బ్యాండికూట్ లాంటి యంత్రాలున్నాయి. పైన నిలబడి నడిపితే మాన్‌హోల్ లోపల శుభ్రం చేస్తాయి, గ్యాస్ సెన్సార్లూ ఉంటాయి. మొరంలో పోయిన ఏడుగురి గురించి తెలిసినవాడిగా, ఈ ఒక్క చోట ఖరీదు గురించి మాట్లాడటానికి నాకు మనసొప్పదు.

వంట గ్యాస్ గోడౌన్, పెద్ద హోటల్ వంటగది, బయోగ్యాస్ ప్లాంట్ ఉన్నవాళ్లు రోబో ఆలోచన పక్కన పెట్టండి. నేలకు అడుగు ఎత్తులో సర్టిఫైడ్ డిటెక్టర్లు, ఆటోమేటిక్ షటాఫ్ వాల్వ్ పెట్టించండి. బయోగ్యాస్ ప్లాంట్ దగ్గర మాత్రం మీథేన్ తేలిక కాబట్టి పైకప్పు వైపు కూడా ఉండాలి.

డబ్బు ఇచ్చే ముందు

డెమో మీ ఆవరణలోనే చేయించండి, వాళ్ల ఆఫీసులో కాదు. 25 పీపీఎం అమోనియా ఉన్న చిన్న కాలిబ్రేషన్ సిలిండర్ తెమ్మని ముందే చెప్పండి. సెన్సార్‌కు క్యాప్ తగిలించి గ్యాస్ వదలమనండి, చేతిలో గడియారం పెట్టుకుని చూడండి. ఎన్ని సెకన్లకు 20 దాటింది, ఎంత దగ్గర నిలబడింది, తీసేశాక ఎంతసేపటికి సున్నాకు వచ్చింది, మూడూ రాసుకోండి. సిలిండర్ తేలేమంటే, లైటర్ గ్యాస్‌తో చూపిస్తామంటే వాళ్ల దగ్గర కొనకండి. తర్వాత బండిని మీ చాంబర్లో చివరి మూలకు పంపమనండి, తలుపు మూసేయండి. తిరిగి రాగలిగిందా చూడండి. సెన్సార్ మార్చాలంటే ఎంత అవుతుంది, ఎన్ని రోజుల్లో వస్తుంది అన్నది బిల్లు మీదే రాయించుకోండి.

మా బండి ఇప్పుడు సెక్యూరిటీ గది పక్కన రేకుల షెడ్డులో ఉంటుంది. దాని వీపు మీద ఒక తెల్ల స్టిక్కర్, ఆఖరి కాలిబ్రేషన్ తేదీ. ప్రతి సోమవారం ఉదయం షిఫ్టు మారేటప్పుడు బయటికి తీసి, డిటెక్టర్లకు గ్యాస్ పట్టి మోగుతున్నాయో లేదో చూసి, కంప్రెసర్ రూమ్ తలుపు దాకా ఒకసారి నడిపి, మళ్లీ చార్జింగ్‌కు పెడతారు. ఆ పని అడిగి తీసుకున్నది ఆ రాత్రి తడి తుండుగుడ్డ కట్టుకుని లోపలికి వెళ్లిన ఆపరేటరే. పోయిన సీజన్‌లో ఒక రాత్రి మళ్లీ వాసన వచ్చినప్పుడు నాకు ఫోన్ చేశాడు. "బండిని పంపినానన్నా. పైన 140, కింద 60 చూపిస్తా ఉంది. నేను గేటు కాడే ఉండా" అన్నాడు.